ఫ్యాను కింద కుర్చీ

ఈమధ్య సర్వర్ల పనిలో చేరే పిల్లలు ఒకరిద్దరు మా ఇంటికి వచ్చి పోతుంటారు. "తాతా, మీ కాలంలో ఏ మిషిను ఉండేది, ఏ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళు?" అని అడుగుతారు. ఆ మిషిను ఎప్పుడో తుక్కు బండిలో పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ పేరు నాకు గుర్తుంది కానీ మీకు అక్కరకు రాదు. అక్కరకొచ్చేది ఇంకొకటి ఉంది. ఈ ఉద్యోగమంటే మిషిను నడపడం కాదు. దాన్ని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అని తేల్చడం. తేల్చినాక ఆ మాట పెద్దమనుషుల ముఖం మీద చెప్పడం. మొదటిది కొద్ది నెలల్లో వచ్చేస్తుంది. రెండోది నేర్చుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

నాకు కాలేజీ చదువు లేదు. బళ్ళారి పాత కాగితాల అంగళ్ళలో తూకానికి దొరికే ఇంగ్లీషు మాన్యువళ్ళు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. గొప్పకు చెప్పడం లేదు. చదువు లేనివాడు కనుక తప్పు వీడిదే అయి ఉంటుందని ఒకరోజు నిండు సభలో అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు ఇంకా నా ఒంటి మీదే ఉంది. అందుకే రాస్తున్నాను.

హనుమంతు భుజం మీది ఇనుము

డెబ్బైలలో నేను బావి మోటార్లకు వైండింగ్ చుట్టేవాణ్ణి. కప్పగల్లు నుంచి కురుగోడు దాకా ఎవరి మోటారు కాలినా సైకిలెక్కి పోయేవాణ్ణి. తర్వాత కాలువ రైతులు పెట్టుకున్న నీటి సంఘంలో వైర్‌మన్‌గా కుదిరాను. అక్కడ పరిచయమైనవాడు లస్కర్ హనుమంతు. లస్కర్ అంటే కాలువ గేట్లు ఎత్తేవాడు, దించేవాడు.

మా కాలువ కురుగోడు అవతల రెండుగా చీలుతుంది. ఒక గేటు ఎగువ పొలాలకు, ఇంకొకటి చివరి పొలాలకు. రెండింటికీ హ్యాండిలు ఒక్కటే, చేతి పొడవు ఇనప కడ్డీ. గేటు తిప్పడం అయిపోగానే హనుమంతు దాన్ని ఊడదీసి భుజాన వేసుకుని ఇంటికి పోయేవాడు. హ్యాండిలు లేని గేటు గోడతో సమానం. ఎంతటి మోతుబరి వచ్చినా దాని ముందు నిలబడి తిట్టాల్సిందే తప్ప తిప్పలేడు.

కూతురి పెళ్ళిలో కూడా ఆ హ్యాండిలు పందిట్లో అతని పక్కనే ఉంది. దానికీ ఎవరో కుంకుమ పెట్టారు. హనుమంతు బావమరిది నవ్వాడు. "ఏం బావా, అల్లునికి కట్నం కింద ఇస్తాండావా ఏంది?" అన్నాడు. నవ్వుతూనే పక్కకు జరిగి అసలు సంగతి అడిగాడు. "ఒక్క గంట ఇయ్యి బావా. చేను వాడిపోతాంది. నేనేమన్నా పరాయోన్నా?"

హనుమంతు రెండు చేతులూ జోడించాడు. "పరాయోడివైతే సుమ్నె ఒక్క మాటలో లేదనేటోన్ని. సొంతోడివి కాబట్టి దండం పెట్టి లేదంటాండా."

బావమరిది ఆ రోజు భోజనం చెయ్యకుండా పోయాడు. కొన్నేళ్ళు మాటల్లేవు. నా వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. అప్పటికి నేను కంప్యూటరు ముఖం కూడా చూడలేదు.

చూసే పేజీ, మార్చే పేజీ

తొంభైల చివర్లో సంఘానికి ప్రకాశరావు గారని ఒక ఇంజనీరు వచ్చాడు. అంతకుముందు నీళ్ళ వంతు ఎవరిదన్నది నోటి మాటగా ఊరూరా తిరిగేది. ఒక్కో ఊళ్ళో ఒక్కో మాట. కట్టెలు పట్టుకుని గట్ల మీదికి పోయేవాళ్ళు. ఇంజనీరు గారు మా ఆఫీసులో సర్వరు పెట్టించి, దాన్ని చూసే పని వైర్‌మన్‌నైన నాకే ఇచ్చారు. కాలువ వెంబడి ఊళ్ళలో ఎస్టీడీ ఫోను బూతుల వాళ్ళతో ఒప్పందం చేసుకుని తలా ఒక కంప్యూటరు ఇచ్చారు. బూతువాడు పొద్దున్నే ఫోను లైను మీద మా సర్వరుకు తగులుకుంటాడు. ఈ రోజు ఏ గేటు తెరవాలో ఆ పేజీలో ఉంటుంది. దాన్ని అచ్చు తీసి గోడకు అంటిస్తాడు. లస్కర్ ఆ కాగితం ప్రకారం గేటు తిప్పుతాడు. మంచి ఏర్పాటు. గట్ల మీద కొట్లాటలు నిజంగానే తగ్గాయి.

సర్వరులో చూసే పేజీ ఎవరికైనా కనబడుతుంది. మార్చే పేజీ వేరే. వంతులు రాసేది, దిద్దేది అక్కడే. అది చేతిలో ఉన్నవాడి చేతిలో కాలువంతా ఉన్నట్టే. ఇంజనీరు గారు దానికి, తలుపుకు పెట్టినట్టు, రెండు గడియలు పెట్టారు. ఒకటి, మా సర్వరు గదిలో ఉన్న ఒక్క కంప్యూటరు నుంచి తప్ప అది తెరుచుకోదు. బూతు నుంచి ఎంత మొత్తుకున్నా అనుమతి లేదని తిప్పి పంపుతుంది. రెండు, తెరిచినవాడు తన పేరు, తన పాస్‌వర్డ్ కొట్టాలి.

"మొదటిది యాడనుంచి అని అడుగుతాది, రెండోది ఎవరు అని అడుగుతాది. రెండూ అడగల్లప్పా. ఒకటి అడిగి ఒకటి మానితే అడగనట్టే" అని నాకు బోర్డు మీద గీసి చూపించారు. ఈ పనిలో నాకు గురువు ఆయనే. ఆయన విద్యలో లోటు లేదు. లోటు వెన్నెముకలో.

సంఘం అధ్యక్షుడు తిప్పేస్వామి గారు. ఎగువ గేటు కింద పెద్ద సేద్యం. మనిషి చెడ్డవాడని ఒక్క మాటలో తేల్చలేను. ఆఫీసుకు స్థలం ఇచ్చాడు, సర్వరు గదికి ఫ్యాను ఇచ్చాడు. గుడికి ఇచ్చినవాళ్ళు రాయించుకున్నట్టే ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో తన పేరు రాయించాడు. ఫ్యాను ఆపినప్పుడల్లా ఆ పేరు మెల్లగా తిరిగి మా నెత్తి మీద నిలిచేది. ఆఫీసు మొత్తానికి సీలింగు ఫ్యాను అదొక్కటే, దాని కింద కుర్చీ ఒక్కటే, ఆ కుర్చీ ఎదురుగానే మార్చే పేజీ తెరుచుకునే కంప్యూటరు. బళ్ళారి ఎండలో వచ్చిన మర్యాదస్తుణ్ణి ఎక్కడ కూర్చోబెడతారో చెప్పాలా?

పాస్‌వర్డ్ పెట్టుకోమని ఇంజనీరు గారు అడిగిన రోజు అధ్యక్షుల వారు అదే కుర్చీలో ఉన్నారు.

"నా సంఘంలో, నేనిచ్చిన ఫ్యాను కింద కూచుని, నేనెవరో నేనే చెప్పుకోవాల్నా?"

"అడిగేది మేము కాదు సామీ, మిషిను" అన్నాను నేను.

"అయితే మిషినుకు నువ్వే చెప్పప్పా, నేనెవరో."

గదిలో అందరూ నవ్వారు. ఇంజనీరు గారు కూడా నవ్వారు. తర్వాతి సమావేశంలో పాస్‌వర్డ్ అక్కర్లేదని తీర్మానమైంది. గదిలోకి వచ్చేది మనవాళ్ళే కదా, మనవాళ్ళను పేరడగడం అవమానం కాదా అని. ఇంజనీరు గారు మారు మాట్లాడకుండా రెండో గడియ తీసేశారు.

"బయటోళ్ళకైతే ఒక గడియ చాలు సార్. మనోళ్ళకే రెండోది కావల్ల" అన్నాను. హనుమంతు చేతులు జోడించడం నా కళ్ళ ముందుంది.

"గది మనదే కదప్పా, ఉండనీ" అని నా భుజం తట్టారు.

పిల్లలూ, భుజం తట్టే పైవాళ్ళతో జాగ్రత్త. తిట్టేవాడితో వాదించవచ్చు. భుజం తట్టేవాడు వాదననే అక్కడ పాతేస్తాడు.

పొట్ట మీది వరి

ఆ ఏడు వానలు మొఖం చాటేశాయి. డ్యాములో నీళ్ళు తక్కువ. ఒక గేటు తెరిస్తే ఇంకోటి మూయాల్సిందే. చివరి పొలాల్లో వరి పొట్ట మీద ఉంది. లోపల వెన్ను, అంటే కంకి, తయారయ్యే ఆ కొద్ది రోజుల్లో నీళ్ళు తప్పితే ఆ పైరును మళ్ళీ ఎవరూ లేపలేరు. సంఘం తీర్మానం ప్రకారం వంతు వాళ్ళదే. పేజీలో నేను అలాగే రాసి పెట్టాను.

తారానగర్‌లో మా బావ పోయాడని కబురొచ్చింది. ఆఫీసులోనే సంచి సర్దుకుంటుండగా అధ్యక్షుల వారు వచ్చారు. నేను ఫ్యాను కింద ఉన్నాను. ఇంజనీరు గారు లెయ్యమని కళ్ళతోనే చెప్పారు. మన దగ్గర పెద్దవాళ్ళొస్తే ఇంకో కుర్చీ తెచ్చి వేయరు, తామున్న కుర్చీనే ఖాళీ చేస్తారు. లేచాను. గడప దాటుతూ వెనక్కి చూస్తే ఆయన పైపంచె తీసి కుర్చీ వీపు మీద వేసుకుంటున్నారు. ఇంజనీరు గారు మజ్జిగ తెప్పించడానికి తానే బయటికి నడిచారు. నేను బస్సెక్కాను.

అక్క ఇంట్లో దినాలు ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆఫీసు వరండా నిండా జనం. ముందు వరసలో సుబ్బమ్మ గారు. కోస్తా నుంచి వచ్చి, చివరి ఆయకట్టులో భూమి తీసుకుని, భర్త పోయినాక ఒక్కతే సేద్యం చేస్తున్న మనిషి. చేతిలో వరి కంకులు కాదు, వరి కాడలు. ఒక కాడను గోటితో చీల్చి అందరికీ చూపించింది. లోపల వెన్ను తెల్లగా మాడిపోయి ఉంది.

"చూడండి బాబూ, పొట్టలోనే చచ్చిపోయింది. మా వంతు రోజులన్నీ గేటు మూసి పైకి వదిలాడండీ ఈ హనుమంతు. ఎంతకు అమ్ముడుపోయాడో అడగండి."

హనుమంతు గోడ పక్కన నిలబడి ఉన్నాడు, భుజాన హ్యాండిలు. "కాగితం చూసి తిప్పినా తల్లీ. ఎగువ గేటు తెరవమని కాగితంలో ఉండె. నీ ముందరే బూతోడు చదివె కదా."

అధ్యక్షుల వారు నిదానంగా అన్నారు. "వంతు మార్చమని సంఘం చెప్పలేదు. బూతోడు, లస్కరు కలిసి దొంగ కాగితం పుట్టించిండల్ల."

అప్పుడు నన్ను పిలిచారు. ఏ మార్పు ఎప్పుడు, ఏ కంప్యూటరు నుంచి జరిగిందో సర్వరు తన లాగ్‌లో తానే రాసుకుంటుంది. తెరిచి చూశాను. నేను తారానగర్ పోయిన మధ్యాహ్నం వంతు మారింది. మారింది బూతు నుంచి కాదు, మా గదిలోని కంప్యూటరు నుంచే. ఉన్నదున్నట్టు చదివాను.

"అయితే హనుమంతు తప్పేం లేదు. కాగితం మన పేజీదే" అన్నాను.

"ఆ మిషిను ముందర దినామూ కూచునేది ఎవరప్పా?" అన్నారు అధ్యక్షుల వారు.

అందరూ నా వైపు తిరిగారు. ఎవరో వెనక నుంచి, "మోటార్లు చుట్టేటోని చేతికి కంప్యూటరిస్తే ఇంతే" అన్నారు.

"ఆ మధ్యాహ్నం నేను బస్సులో ఉన్నా. ఆ కుర్చీలో కూచున్నది మీరు సామీ."

ఆయన ముఖం ఏమీ మారలేదు. "కూచున్నా. నేనిచ్చిన ఫ్యాను కింద నేను కూచున్నా. కూచుంటేనే కాలువ మళ్ళుకుంటాదేందప్పా?"

జనం గొల్లున నవ్వారు. ఎవరి చేలు ఎండాయో వాళ్ళలో కూడా కొందరు నవ్వారు. సుబ్బమ్మ గారు నవ్వలేదు. "నవ్వండి బాబూ. రేపు నా తాలు గడ్డి తినే గేదె కూడా నవ్వుద్ది" అని ఇంజనీరు గారి వైపు తిరిగింది. "అయ్యా, చదువుకున్నారు. తమరు చెప్పండి. మార్చింది ఎవరండీ?"

ఇంజనీరు గారు నేల చూశారు. "నేను మజ్జిగకని బయటికి పోయినానమ్మా. చూడలేదు."

అది నిజమే. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే. అబద్ధమైతే నిలదీసేవాణ్ణి. లాగ్‌కు తెలిసింది 'యాడనుంచి' అన్నదొక్కటే. 'ఎవరు' అని అడిగే గడియను మేమే తీర్మానం చేసి పీకేశాం. ఇక ఏ మిషిను చెబుతుంది, ఎవరి వేలో?

సభకు ఎవరో ఒకరు కావాలి. నన్ను తీస్తే సర్వరు నడిపేవాడు లేడు. లస్కర్లు ఎందరైనా దొరుకుతారని వాళ్ళ లెక్క. విచారణ తేలేదాకా హ్యాండిలు ఆఫీసులో పెట్టమన్నారు. హనుమంతు దాన్ని భుజం మీంచి దించి బల్ల మీద పెట్టాడు. ఆ ఇనుము బల్లకు తగిలిన చప్పుడుకు నవ్వులు ఆగాయి. ఇంజనీరు గారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. గేటు తిప్పాల్సిన రోజున ఆఫీసు మనిషి ఎవరైనా పట్టుకుపోయి, తిప్పి తెచ్చి మళ్ళీ అందులోనే పెట్టాలని తేల్చారు. హనుమంతు వట్టి భుజంతో మెట్లు దిగి పోతుంటే అతని నడక కూడా ఒక పక్కకు ఒరిగినట్టు కనబడింది.

స్టూలు

ఆ సాయంత్రం నేను గది తాళంచెవులు ఇంజనీరు గారి ముందు పెట్టాను. "రెండో గడియన్నా పెట్టండి, ఇవన్నా తీసుకోండి" అన్నాను. ఆయన తాళంచెవులు నా వైపు తోసి, కంప్యూటరు ముందు కూర్చున్నారు. తీర్మానం కోసం ఆగలేదు. ముగ్గురికి మూడు పేర్లు, మూడు పాస్‌వర్డులు: ఆయనకు, నాకు, అధ్యక్షుల వారికి. ఒకరిది ఇంకొకరికి తెలియదు. అంత రచ్చ అయ్యాక కాదనలేకపోయిన అధ్యక్షుల వారి చేత, నేను లేని పూట మా గదిలోనే కొట్టించి, తాను గోడ వైపు తిరిగి నిలబడ్డారట. మార్చినవాడి పేరు బూతు కాగితం అడుగున అచ్చయ్యేటట్టు కూడా చేశారు. అది ఆయనకే తోచింది. నాకు తోచలేదు.

నాకు తోచింది ఇంకొకటి. వైర్‌మన్‌ని కదా, నిచ్చెన వేసి ఆ ఫ్యాను ఊడదీశాను. రైతులు కూర్చునే ముందు హాల్లో బిగించాను. కుర్చీ కూడా అక్కడికే పోయింది. మిషిను వైపు తిప్పి చిన్న టేబుల్ ఫ్యాను పెట్టాను. కూర్చోవడానికి మా ఇంట్లో మోటార్లు చుట్టేటప్పుడు వాడిన చెక్క స్టూలు తెచ్చుకున్నాను. మేకు ఒకటి పైకి లేచి ఉంటుంది, ఎటు కూర్చోవాలో అలవాటున్నవాడికే తెలుసు. ఏ మర్యాదస్తుణ్ణీ దాని మీద కూర్చోమని అనలేరు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ గదికి అది మూడో గడియ.

తర్వాత వేరే ఆఫీసుల్లోనూ పని చేశాను. ఒకచోట పదిమందికీ ఒకే పాస్‌వర్డ్, అదీ గోడ క్యాలెండరులో ఉన్న దేవుడి పేరు. చెప్పుకుంటే సిగ్గు. పదిమంది వాడే పేరు ఎవరి పేరూ కాదు. తప్పు జరిగిన రోజు పదిమందీ మంచివాళ్ళే అవుతారు, బీదవాడు ఒకడు దొంగవుతాడు. దొంగలు బయట ఉంటారని మీకు నేర్పుతారు. ఉంటారు, కాదనను. నేను చూసిన చెరుపు మాత్రం ప్రతిసారీ లోపలి నుంచే వచ్చింది, అదీ ఎదురెళ్ళి స్వాగతం చెప్పిన మనిషితోనే.

మా సంఘం సంగతికి వస్తే, మరుసటి పంటకు మళ్ళీ నీళ్ళ కరువు. అధ్యక్షుల వారు వచ్చారు. హాల్లో అందరూ లేచారు. ఫ్యాను కింద కుర్చీ ఖాళీ చేశారు. ఆయన కూర్చోకుండా లోపలికొచ్చారు. నేను లేవలేదు.

"పెద్దోళ్ళొస్తే లెయ్యవేందప్పా?"

"లేస్తే ఈ స్టూలు మీద మీరు కూచోవల్ల సామీ. అది మీకు మర్యాద కాదు."

ఆయన గొంతు తగ్గించారు. "పైన చేలు వాడిపోతాండాయి. ఎగువ గేటుకు రెండు దినాలు కలుపు."

"తీర్మానం దాటి కలిపే అధికారం నాకు లేదు. మీకుండాది." కీబోర్డు ఆయన వైపు జరిపాను. "మీ పేరు కొట్టండి, మీ పాస్‌వర్డ్ కొట్టండి. కలపండి. కాగితం కింద మీ పేరే పడతాది."

తెర మీద పేరు రాసే గడి ఖాళీగా ఉంది. అందులో గీత మెరుస్తూ ఆరుతూ ఉంది. ఆయన వేలు కీబోర్డు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. పైపంచె సర్దుకుని వెళ్ళిపోయారు.

గడప దగ్గర ఇంజనీరు గారు నిలబడి ఉన్నారని అప్పుడు చూశాను. ఇద్దరం ఆ ఖాళీ గడి వైపు చూశాం. ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకున్న మనిషి, ఆ గడిలో పేరు కొట్టలేకపోయాడు. న్యాయస్థానంలో ఇది రుజువు కాదు. మా ఇద్దరికీ చాలింది.

ఇంజనీరు గారు బీరువా తెరిచి హ్యాండిలు తీశారు. "పోదాం రాప్పా" అన్నారు.

కురుగోడు బస్సులో కండక్టరు, "సార్, ఆ ఇనుముకు లగేజీ అవుతాది" అన్నాడు. ఇంజనీరు గారు నవ్వలేదు, టికెట్ తీసుకున్నారు.

హనుమంతు ఇంటి ముందు తాడు పేనుతున్నాడు. లేచి నిలబడ్డాడు కానీ హ్యాండిలు అందుకోలేదు.

"అందరి ముందర తీసుకున్నారు సామీ. అందరి ముందరే ఇయ్యండి."

ఇంజనీరు గారు ఎండలో, ఆ ఇనుము తన భుజాన వేసుకుని, గేటు దాకా నడిచారు. అలవాటు లేని భుజం, దారిలో రెండు పక్కలకూ మార్చుకున్నారు. కబురు పోయి ఎగువవాళ్ళూ, చివరివాళ్ళూ గట్టు మీదికొచ్చారు. సుబ్బమ్మ గారు వచ్చింది. అధ్యక్షుల వారు రాలేదు.

"హనుమంతు తప్పు లేదు. తప్పు మా గదిలో జరిగింది. ఆ దినం కుర్చీ ఖాళీ చేయించి, గది వదిలి పోయినది నేను" అన్నారు ఇంజనీరు గారు. ఈసారి ఆయన నేల చూడలేదు.

సుబ్బమ్మ గారు హనుమంతు ముందుకొచ్చింది. "నిన్ను అమ్ముడుపోయావన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను నాయనా. పోయిన పంటను మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేరు."

హనుమంతు హ్యాండిలు అందుకుని, తువ్వాలుతో చివరి నుంచి చివరిదాకా తుడిచాడు. ఆ రోజు వంతు చివరి పొలాలది. బూతు గోడ మీది కాగితంలో ఏముందో ఇంకొకరి చేత చదివించుకుని, కింద ఎవరి పేరుందో కూడా చదవమన్నాడు. విన్న తర్వాతే గేటు తిప్పాడు. నీళ్ళు చివరి కాలువలోకి మళ్ళడం అందరూ చూశారు.

తర్వాత హ్యాండిలు ఊడదీసి భుజాన వేసుకుని, మాలో ఎవరికీ నమస్కారం పెట్టకుండా ఇంటికి నడిచిపోయాడు.